హారన్ కొట్టాను కదా

మా వీధిలో నాకు గయ్యాళి అని పేరు. ఆ పేరు పెట్టినవాళ్లను నేను తప్పు పట్టను. తెల్లారింది మొదలు మా ఇంట్లోంచి బయటికి వినపడేది నా గొంతొక్కటే. నీళ్లు కాగాయని, కూరలో ఉప్పు సరిపోయిందా అని, కరెంటు బిల్లు వచ్చిందని, ఇలాంటి మామూలు మాటలే గోడలు అదిరేలా అంటాను. మా ఆయన ఎదురు మాట్లాడడు. నవ్వుతూ తల ఊపుతాడు. చూసేవాళ్లకు ఆయన నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి, నేను నోరు పెట్టుకుని బతికే మనిషి. పక్కింటి వదిన ఒకసారి పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, ఆ మనిషిని అట్టా సాధించకపోతే ఏం వదినా అని జాలిగా అడిగింది. నా అలవాటంతే అన్నాను. ఇంకేం అనగలను?

నిజం ఏమిటంటే ఆయనకు వినపడదు. పూర్తిగా పోలేదు గానీ పోయినట్టే. గురజాల దారిలో నాపరాళ్లు కోసే ఫ్యాక్టరీలో కట్టింగ్ మిషన్ మీద పెళ్లికి ముందు నుంచీ పనిచేస్తున్నాడు. కొత్తలో ఒకసారి క్యారేజీ ఇవ్వడానికి అక్కడికి వెళ్లాను. రాయి మీద రంపం దిగుతుంటే ఆ చప్పుడు చెవుల్లోకి కాదు, పళ్లల్లోకి వచ్చింది. ఇంటికి చేరాక కూడా నా తలలో ఆ మిషన్ తిరుగుతూనే ఉంది. చెవుల్లో ఏదన్నా పెట్టుకోకూడదా అని అడిగాను. పత్తి పండే ప్రాంతం, దూదికేం కరువా? పెట్టుకుంటారట, మళ్లీ తీసేస్తారట. దూది పెట్టుకుంటే మేస్త్రీ కేక వినపడదు. మేస్త్రీ కేక వినపడకపోతే వేళ్లు పోతాయి. వేళ్ల కోసం చెవులు ఇచ్చుకున్నారన్నమాట.

మొదట పోయింది పాలవాడి సైకిల్ గంట. తర్వాత కుక్కర్ విజిల్. తర్వాత నేను. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. నా మీద కోపమేమో అనుకుని నాలుగు రోజులు నేనూ మూతి ముడుచుకున్నాను. తీరా చూస్తే మనిషికి నా అలక కూడా తెలియలేదు. నేను ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాల వంక చూసి అర్థం చేసుకుంటున్నాడని అప్పుడు కనిపెట్టాను. ఆ రోజు నుంచి గొంతు పెంచాను. ఆయన తనకు వినపడదని నాతో అనలేదు, నేనూ నీకు వినపడదు కదా అని అడగలేదు. కాపురంలో కొన్ని మాటలు అట్లాగే ఉండిపోతాయి.

ఎందుకు దాచామంటే పని కోసం. ఆ ఫ్యాక్టరీలో ఒకతనికి మేస్త్రీ ఆపమని వేసిన కేక వినపడక చెయ్యి నలిగింది. ఆ తర్వాత ఓనరు, చెవులు మందగించినవాళ్లను మిషన్ దగ్గరికి రానివ్వొద్దని తేల్చి చెప్పాడు. మిషన్ మీద నుంచి తప్పిస్తే ఇక బండలు మోసి లారీకెత్తే పని. ఆయన నడుము ఆ పనికి రెండు వారాలు కూడా నిలవదు. అంటే ఇంటికి రావడమే. నేను ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. నా ఒక్క జీతం మీద ఇల్లు నడవదు. అంతకంటే పెద్ద సంగతి, రాయి కోయడం తప్ప వేరే పని తెలియని మనిషి ఇంట్లో కూర్చుంటే ఏమవుతాడో నాకు భయం. అందుకని నేను గయ్యాళిని అయ్యాను. వీధిలో ఎవరన్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత వేసి నవ్వితే, అందరితో పాటు నవ్వే ఓపిక కూడా తెచ్చుకున్నాను.

పనికి ఆయన సైకిల్ మీదే వెళ్తాడు. అందరూ బండ్లు కొన్నారు, మనమూ కొందామని పోరు పెట్టాను. వద్దన్నాడు. కాళ్లకు మంచిదన్నాడు, పెట్రోలు దండగన్నాడు. అసలు కారణం వేరు. బండి మీద వేగంగా పోయేవాడికి వెనక ఏం వస్తోందో తెలియాలి. సైకిలైతే తారు అంచు పట్టుకుని తన మానాన తాను పోవచ్చు. వచ్చేవాళ్లు వచ్చి పోతారు. ఆయన చెవులకు బదులు ఆ అంచును నమ్ముకున్నాడు. ఇదీ నాతో చెప్పలేదు, నేనే అర్థం చేసుకున్నాను.

వడ్ల కాలంలో ఆ అంచు ఉండదు. కోత మిషన్ పొలంలోంచి దించిన పచ్చి వడ్లను మా వైపు తారు రోడ్డు మీదే ఆరబోస్తారు. కళ్లాలు చేసుకునే ఓపిక ఎవరికీ లేదు, నల్లటి తారు మీద ఎండ బాగా పడుతుంది, పైగా రోడ్డు ఎవడి అబ్బ సొమ్మూ కాదు. సగం రోడ్డు పొడుగునా వడ్లు, వాటి మీద బండ్లు ఎక్కకుండా అంచున వరసగా తలకాయలంత రాళ్లు. ఆ రాళ్లు చూసి లారీ కూడా పక్కకు తప్పుకుంటుంది. సైకిల్ వాడు మాత్రం రోడ్డు నడిమికి రావాల్సిందే.

ఆ రోజు పొద్దున అంగన్‌వాడీలో పిల్లలకు పాలు కలుపుతుంటే ఫోన్ వచ్చింది. మా ఆయన నంబరే, గొంతు వేరే. అమ్మా, కంగారు పడమాకు అన్నాడు. ఆ మాట వినగానే పాల గిన్నె కింద పెట్టేశాను. మాట్లాడింది మా పక్క ఊరిలో ఎరువుల కొట్టు నడిపే ఆయన. మా చుట్టుపక్కల రైతులందరికీ విత్తనాలు, పురుగుమందులు అరువిచ్చేది ఆయనే. కారులో గురజాల పోతూ వడ్ల దగ్గర మా ఆయన సైకిల్‌ను వెనక నుంచి కొట్టాడు. మా ఆయన ఎగిరి ఆ రాళ్ల వరస మీద పడ్డాడు. కాలి ఎముక విరిగింది.

ఒక మాట చెప్పకపోతే నాకు పాపం. ఆ కొట్టాయన కారు ఆపాడు. ఆపకుండా పోయేవాళ్లను చూస్తూనే ఉన్నాం కదా. తనే దిగి, మనిషిని ఎత్తి, సీటుకు నెత్తురంటుతుందని కూడా చూడకుండా వెనక పడుకోబెట్టి ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. నేను వెళ్లేసరికి మంచినీళ్ల సీసా పట్టుకుని బయట నిలబడి ఉన్నాడు. చొక్కా నిండా మా ఆయన నెత్తురు. మంచి మనిషి. ఆయన మంచి మనిషి కాకపోయి ఉంటే నేను ఇంత బాధపడేదాన్ని కాదేమో, నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

నన్ను చూడగానే ఆయనన్న మొదటి మాట, హారన్ కొట్టానమ్మా అని. నేను మా ఆయన ఎట్లా ఉన్నాడని అడిగాను. లోపల కట్టు కడుతున్నారు, చానా దూరం నుంచే కొట్టానమ్మా అన్నాడు. డాక్టరుతో, నర్సుతో, మందుల కొట్టు దగ్గర కనపడిన వాళ్లతో, ఫోన్లో వాళ్ల ఇంటివాళ్లతో అదే మాట. ఎట్లా తగిలిందని డాక్టరు అడిగితే మాత్రం సైకిల్ మీంచి పడ్డాడని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. కేసు రాస్తే ఇద్దరికీ తిరుగుళ్లేనని, ఊళ్లో పెద్దమనుషుల్లో చూసుకుందామని నా చెవిలో అన్నాడు. నాకు ఆ సమయంలో కట్టు తప్ప ఇంకేం కనపడలేదు. తల ఊపాను.

పెద్దమనుషుల్లో చూసుకోవడం మా దగ్గర పాత పద్ధతి. గట్టు తగాదా అయినా, మొగుడూ పెళ్లాల గొడవ అయినా, ఇప్పుడు బండ్ల గుద్దులాట అయినా అంతే. మా ఆయన నడవలేడు కాబట్టి ఆటోలో తీసుకెళ్లి పెద్దమనిషి గారి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. కాలికి ఇంకో కుర్చీ వేశారు. ఎరువుల కొట్టాయన వచ్చాడు. ఫ్యాక్టరీ ఓనరు కూడా వచ్చాడు, తన దగ్గర పనిచేసేవాడి సంగతి కాబట్టి. ఆయన వస్తాడని మాకు తెలియదు. ఆయన్ను చూడగానే మా ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. ఆడవాళ్లు అక్కడే నిలబడతారు.

ఇంకో విషయం. రోడ్డు మీద ఆ వడ్లు ఆ పెద్దమనిషి గారివే. ఆ సంగతి అక్కడ ఉన్న అందరికీ తెలుసు. కానీ పంచాయితీ అయిపోయేదాకా వడ్లు అన్న మాట ఎవరి నోటి నుంచీ రాలేదు. అసలు ఆ రోజు రోడ్డు మీద వడ్లూ లేవు, రాళ్లూ లేవు, ఒక సైకిలూ ఒక హారనూ మాత్రమే ఉన్నాయనిపించింది వింటుంటే.

కొట్టాయన జరిగింది చెప్పాడు. అబద్ధమేమీ ఆడలేదు. దూరం నుంచే సైకిల్ కనపడింది. హారన్ కొట్టాడు. జరగలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. జరుగుతాడులే అనుకున్నాడు. జరగలేదు. ఎదురుగా బస్సు వస్తోంది కాబట్టి పక్కకు తిప్పడానికి సందు లేకపోయింది. ఇదంతా చెప్పి, చివర చేతులు రెండూ చాపాడు. నా వంతు నేను చేశాను కదా అన్నట్టు.

పెద్దమనిషి గారు మా ఆయన వైపు తిరిగారు. ఆయన మాట్లాడేటప్పుడు పెదాలు బాగా కదుపుతారు. అందుకు నేను లోలోపల దేవుడికి దండం పెట్టుకున్నాను.

"అబ్బాయ్, ఒక్క మాటలో చెప్పు. హారన్ వినపడిందా, లేదా?"

మా ఆయన పెద్దమనిషి గారి పెదాల వంక చూశాడు. తర్వాత ఓనరు వంక చూశాడు. ఓనరు ఫోన్ చూసుకుంటున్నట్టు కూర్చున్నాడు గానీ వేలు కదలడం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వినపడలేదంటే ఇక మిషన్ దగ్గరికి పోనక్కరలేదు. వినపడిందంటే, విని కూడా జరగని మొండివాడు. నేను గుమ్మం పక్క నుంచి ఆయన్నే చూస్తున్నాను. నిజం చెప్పాలంటే, వినపడలేదని చెప్తే బాగుండని ఒక మనసు, చెప్పకపోతే బాగుండని ఒక మనసు. ఏ మనసు గట్టిదో ఇప్పటికీ నాకు తెలియదు.

"వినపడింది," అన్నాడు.

కొట్టాయన హమ్మయ్య అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. మరి జరగలేదేం అని పెద్దమనిషి గారు అడిగారు. జరుగుదామనుకునే లోపే తగిలిందని మా ఆయన చెప్పాడు. నలుగురి ముందు ఆయన అబద్ధమాడడం నేను చూసింది అదే మొదలు. ఎంత చక్కగా ఆడాడంటే, ఒక్క క్షణం నేనే నమ్మాను.

ఇక తేల్చడం ఎంతసేపు? తప్పు ఇద్దరిదీ అన్నారు. వైద్యం కొట్టాయన చూసుకోవాలి, సైకిల్ బాగుచేయించాలి, కేసుల ఊసు వద్దు, ఇకనుంచి మా ఆయన రోడ్డు మీద కాస్త చూసుకుని పోవాలి. ఆ ఆఖరి మాటకు నాకు ఒళ్లు మండింది. అప్పటిదాకా పళ్ల బిగువున ఆపుకున్న నోరు ఊరుకోలేదు.

"హారన్ సంగతి అడిగారు బాగానే ఉంది బాబాయ్. బ్రేకు ఎందుకు వెయ్యలేదో కూడా అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. పెద్దమనిషి గారికి కోపం రాలేదు, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు. హారన్ కొట్టాక జరుగుతాడనుకుంటారమ్మా, హారన్ ఉండేదే అందుకు గదా అన్నారు. నేను కొట్టాయన్నే అడిగాను, దారికి గేదె అడ్డమొస్తే ఏం చేస్తావన్నా అని. ఆయన ఆలోచించకుండానే, బ్రేకేస్తానమ్మా, గేదెకేం తెలుసు పాపం అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. మా ఆయన కూడా, అందరూ నవ్వుతున్నారు కదా అని, నవ్వాడు. నాకు అది చూసి గుండె తరుక్కుపోయింది. కర్ర ఉన్నవాడిదే బర్రె అంటారు గానీ, ఆ రోజు మాకు బర్రె పాటి విలువ కూడా దక్కలేదు.

తర్వాత కాలు నయమయ్యేదాకా ఆయన ఇంట్లో మంచం మీద ఉన్నాడు. కొట్టాయన మాట తప్పలేదు. మందులు పంపాడు, ఒకసారి పళ్లు తీసుకుని వచ్చి చూసి పోయాడు. వచ్చినప్పుడు కూడా కుర్చీలో కూర్చున్న కాసేపటికి, ఏందో కర్మ, అంత హారన్ కొట్టినా అని మొదలుపెట్టాడు. నేను టీ పెట్టే నెపంతో లోపలికి పోయాను. స్టవ్ ముందు నిలబడి, ఈయన చెడ్డవాడైనా బాగుండేది దేవుడా అని అనుకున్నాను.

ఆ రోజుల్లోనే అంగన్‌వాడీలో ఒకటి జరిగింది. పిల్లలతో బండ్ల ఆట ఆడిస్తుంటాను. రైలు ఎట్లా పోతుంది, ఎడ్లబండి ఎట్లా పోతుంది అని అడుగుతాను, వాళ్లు చేసి చూపిస్తారు. కారు ఎట్లా పోతుందని అడిగితే అందరూ అరచేత్తో గాలిని నొక్కి పాం పాం అన్నారు. ఎప్పుడూ అట్లాగే అంటారు, నేనూ ఎప్పుడూ నవ్వేదాన్ని. ఆ రోజు, కారు ఎట్లా ఆగుతుందని అడిగాను. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరికీ తెలియలేదు. చివరికి ఒక పిల్ల దబ్బున కింద కూర్చుంది. ఆట ఆపేసి కిచిడీ వడ్డించేశాను.

కట్టు విప్పారు. కాస్త కుంటుతూ నడవడం మొదలుపెట్టాడు. పనిలోకి పోతానన్నాడు. ఓనరు రమ్మన్నాడట, మిషన్ మీదికే. ఆయన మొహంలో వెలుగు చూస్తే నాకు సంతోషం కలగాలి. కలగలేదు. రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. ఇదివరకు ఆయన రోడ్డు మీద పోయే ఎవరూ పట్టించుకోని ఒక సైకిల్ వాడు. ఇప్పుడు అట్లా కాదు. నలుగురిలో వినపడిందని ఒప్పుకున్న మనిషి. మా రోడ్డు మీద తిరిగే వాళ్లంతా ఒకళ్లకొకళ్లు తెలిసినవాళ్లే. ఆ పంచాయితీ కబురు ఆటోల్లో, లారీల్లో తిరిగే ఉంటుంది. ఇక వెనక నుంచి వచ్చే ప్రతివాడూ, వీడికి చెవులు బాగానే ఉన్నాయి, జరుగుతాడులే అని ధైర్యంగా వస్తాడు. పని నిలబెట్టుకోవడానికి ఆయన ఆడిన ఆ ఒక్క మాట ఆయన్ను రోడ్డు నడిమిన నిలబెట్టిందని నా భయం.

ఒక నిర్ణయానికి వచ్చాను. పని పోతే పోయింది, మనిషి మిగలాలి. ఆయన మర్నాడు పనిలోకి పోతాడనగా, సాయంత్రం అంగన్‌వాడీకి తాళం వేసి సరాసరి అడ్డరోడ్డు దగ్గర టీ కొట్టుకు వెళ్లాను. గురజాల పోయే ఆటోలూ బండల లారీలూ అక్కడే ఆగుతాయి. ఎప్పుడూ నన్ను మీటింగులకు తీసుకెళ్లే ఆటో అతను ఉన్నాడు. నన్ను అక్కా అని పిలుస్తాడు. ఇంకో ముగ్గురు నలుగురు డ్రైవర్లు టీ తాగుతున్నారు. నా గొంతు సంగతి తెలుసు కదా, ఒక్కడికి చెప్పినా అందరికీ వినపడుతుంది. చెప్పాను. మా ఆయనకు చెవులు వినపడవని, ఎన్నేళ్ల నుంచో వినపడవని, పంచాయితీలో పని పోతుందని భయపడి అట్లా అన్నాడని, రోడ్డు మీద ఆయన కనపడితే దయచేసి మెల్లగా పొమ్మని. చెప్తూ చెప్తూ ఏడ్చాను. ఇన్నేళ్లు మోసిన బరువు దించుతున్నాను అనుకున్నాను.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆటో అతను గ్లాసు కింద పెట్టి నా వంక ఇబ్బందిగా చూశాడు.

"అది మాకు తెలీకనా అక్కా? రాళ్ల మిషన్ మీద పనిచేసేవోళ్లలో ఎవరికి సరిగా వినపడుద్ది? అందుకేగా వాళ్లు కనపడితే ఇంకాస్త గట్టిగా కొట్టేది."

ఆ మాటకు నాకు ఏడుపు ఆగిపోయింది. మరి బ్రేకో అని అడిగాను. బ్రేకెందుకక్కా, పక్కకు జరుగుతారుగా అన్నాడు. వినపడనివాడు ఎట్లా జరుగుతాడని అడిగాను. అతను వెక్కిరింతగా ఏమీ అనలేదు. నిజంగానే ఆలోచించాడు. కాసేపు ఆలోచించి, అంత దూరం ఆలోచించలేదక్కా అన్నాడు.

ఎరువుల కొట్టాయనకు కూడా తెలుసా అని అడిగాను. తెలియకేం, నిరుడు మా ఆయన పెరట్లో మిరప మొక్కలకు మందు కొనడానికి పోతే బేరమంతా చేతి సైగలతోనే అయిందట. కొట్టాయనే ఆ ముచ్చట వీళ్లతో చెప్పి నవ్వాడట. ఓనరుకూ తెలిసే ఉంటుందన్నాడు, తన మిషన్ చప్పుడు తనకు తెలియదా? పెద్దమనిషి గారి సంగతి నేను అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. అంత విడమరిచి, పెదాలు కదిపి, ఒక్క మాటలో చెప్పమని అడిగింది ఎందుకో అప్పటికి నాకు తెలిసిపోయింది. వినపడదని తెలిసే వినపడిందా అని అడిగారు. ఆ ప్రశ్నకు ఈయన ఏ జవాబు చెప్తాడో కూడా వాళ్లకు తెలుసు. నేను ఇంటికి ఎట్లా నడిచి వచ్చానో నాకు గుర్తు లేదు. మనుషుల మీద అంత అసహ్యం నాకు ఎప్పుడూ కలగలేదు.

మా ఆయన వసారాలో సైకిల్‌కు నూనె పెట్టుకుంటున్నాడు. బాగుచేయించిన వెనక చక్రాన్ని తిప్పి చూసుకుంటూ మురిసిపోతున్నాడు. నేను ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆ రోజు కేకలు వేయలేదు. చప్పుడు లేకుండా పెదాలు మాత్రం కదిపాను. నీకు వినపడదు కదా అన్నాను, మా కాపురంలో మొదటిసారి. ఆయన చెయ్యి ఆగింది. ఆ సంగతి వాళ్లందరికీ తెలుసు, కొట్టాయనకూ తెలుసు, ఓనరుకూ తెలుసు, తెలిసే నిన్ను అడిగారు అని చెప్పాను. నువ్వు వినపడలేదని చెప్పి ఉండాల్సింది అన్నాను. ఎందుకు చెప్పలేదు అన్నాను.

ఆయన చేతికున్న నూనె గుడ్డకు తుడుచుకున్నాడు. తన గొంతు తనకు సరిగా తెలియదు కదా, ఎప్పుడు మాట్లాడినా చాలా మెల్లగా మాట్లాడతాడు.

"వాళ్లకు తెలుసని నాకు తెలుసులేవే. వినపళ్లేదంటే తప్పు నా చెవులది. వినపడిందంటే తప్పు నాది. వాళ్లడిగిన దాంట్లో కొట్టాయన తప్పు యాడుంది?"

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, లేచి, సైకిల్ లోపల పెట్టాడు.

తెల్లారి క్యారేజీ కట్టి ఇచ్చాను. ఆయన సైకిలెక్కి, కుంటి కాలు తొక్కుడు కాస్త తడబడుతుండగా, వీధి దాటి తారు రోడ్డెక్కాడు. కొంచెం దూరం పోయాడో లేదో వెనక నుంచి ఏదో బండి హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ఒకసారి, మళ్లీ ఒకసారి, ఇంకా గట్టిగా మూడోసారి. ఆయన తన మానాన తాను పోతున్నాడు. నేను గుమ్మం పట్టుకుని, బ్రేకు చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను.